గోడ లేని వంటింట్లో పాలు

పొద్దున ఏడింటికల్లా శంకర్‌రావు ఇంట్లో పప్పు ఉడకాలి. ఎనిమిదింటికి ఆయన తిని, బీదర్ గంజ్‌లో ఉన్న తన పప్పుల దుకాణానికి పోవాలి. ఆ రోజు కోడలు స్మిత పప్పు గిన్నె పొయ్యి మీద పెట్టగానే, ఆవిరిలోంచి కొల్హార్ ఫ్యాక్టరీల దిక్కు పోయే ఆటో ఒకటి లేచింది. స్మిత గబగబా వంటింటి తలుపేసింది.

ఆ ఇంటి ఆడవాళ్ల వంటే అంత. పొయ్యి మీద ఏది మరిగినా, వండే మనిషి మనసులో ఉన్నది ఆవిరిలో కనబడుతుంది. అత్త జయమాలకు పట్టుచీర మీద మనసైతే, పప్పుచారు మీద అంచుతో సహా తేలేది. మగవాళ్లు వంటింట్లోకి తొంగి చూడరు, అదొక మర్యాద.

స్మిత మనసులో ఉన్నది ఉద్యోగం. డిప్లొమా చదివిన పిల్ల. కొల్హార్‌లో పంపుల సామాన్లు చేసే వర్క్‌షాపువాళ్లు కొలతలు సరిచూసే పనికి రమ్మన్నారు. సోమవారం చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. మామ ముందు ఆమెకు నోరు పెగలదు. పక్కింటి కోడలు షిఫ్టుకు పోతుంటే, "మనిండ్లల్ల కోడండ్లు ఫ్యాక్టరీకి పోతరా?" అని ఆయన అన్నం తింటూ అన్న మాట చెవుల్లోంచి పోవడం లేదు. మొగుడు సుశీల్‌కు చెబితే, "నువ్వే అడగరాదు నాన్నను" అని దుప్పటి కప్పుకున్నాడు. ఏం మొగుడో!

దీనికితోడు చిమ్కోడ్ రోడ్డులో వాళ్ల కొత్త ఇల్లు లేస్తోంది. వంటింటికి గోడ కట్టాలా, హాల్లోకి తెరిచి వదలాలా? లోకంలో కోడలు తెరవమంటుంది, అత్త మూయమంటుంది. ఇక్కడంతా తలకిందులు.

"ముప్పై ఏండ్లు గోడ మొఖం చూస్కుంట వండిన. ఇగనన్న జర టీవీ చూస్కుంట వండుకుంట. నీకేం నొప్పే?" అన్నది జయమాల.

"పోపు ఘాటు హాలంత నిండుతది అత్తమ్మా. సోఫాలన్ని వాసనొస్తయి."

"సోఫాలు మనం తింటమా?"

పొద్దున స్మిత చెబితే మేస్త్రీ అంబాదాస్ నాలుగు వరసల ఇటుక పేర్చేవాడు. సాయంత్రం జయమాల వచ్చి తీయించేది. "అమ్మా, మీరిద్దరు ఒక్క మాట మీదికొస్తె నేను ఇంకో ఇల్లు గూడ కట్టేటోణ్ణి" అని మొత్తుకున్నాడు పాపం. ఈ లోపల గృహప్రవేశం శుక్రవారం రానే వచ్చింది. అది దాటితే ఆషాఢం. గోడ మోకాలెత్తు కూడా లేదు.

ఆ ఇంటి ఆనవాయితీలో పాలు పొంగించేది కోడలే. చుట్టాలంతా హాల్లో కూర్చున్నారు. స్మిత పొయ్యి మీద గిన్నె ఎక్కించింది. దేవుణ్ణి తలుచుకుంది, పదమూడో ఎక్కం కూడా తలుచుకుంది. ఏం లాభం! ఆవిరి లేచింది. ఆటో వచ్చింది, టిఫిన్ డబ్బాతో ఆవిరి స్మిత దిగింది, ఎదురుగా వర్క్‌షాపు గేటు. అక్కడే ఆగిపోయింది. అడుగు పడటం లేదు. వెనక్కి తిరిగి, ముందు వరసలో కూర్చున్న మామ వైపే బెదురుగా చూస్తూ నిలబడింది.

అసలు స్మితకు సిగ్గుతో చచ్చినంత పనైంది. శంకర్‌రావు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"నన్ను చూసి ఆగిందా?" అని భార్యను మెల్లగా అడిగాడు.

"మరింకెవర్ని చూసి? పది రోజులసంది పప్పు మీద నేను చూస్తనే ఉన్న. మీకు గూడ చూపెట్టాలనే ఇటుకలు తీపిచ్చిన."

స్మిత బిత్తరపోయి అత్త వైపు చూసింది. జయమాల ఏమీ ఎరగనట్టు కొంగు సర్దుకుంది.

శంకర్‌రావుకు మనసు కలుక్కుమంది. తన ఇంటి పిల్ల తనకింత భయపడుతోందా? లేచి పొయ్యి దగ్గరకొచ్చాడు. కోడలి వైపు కాదు, ఆవిరి వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఆగినవేంది బిడ్డా? లోపటికి పో."

పాలు బుసబుసా పొంగాయి. ఆవిరి స్మిత గేటు దాటింది. చుట్టాలు "పొంగినయ్, పొంగినయ్" అని సంబరపడ్డారు. స్మిత కళ్లు తుడుచుకుంటూ అంబాదాస్‌కు చెప్పింది: "గోడ వద్దు, అన్నా. ఇటుకలు వాపస్ తీస్కపో."

సోమవారం తొమ్మిదింటికి కొల్హార్‌లో ఆటో దిగింది స్మిత. గేటు దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు.