పొట్లాలమ్మ

పాత కాగితం చింపి, నాలుగు గింజలు పోసి, రెండు కొసలూ మెలిపెట్టి పంజరంలోకి తోసింది ఆమె. చిలుక ఆ పొట్లాన్ని కాలితో ఒడిసిపట్టుకుని విప్పడంలో పడిపోయింది.

పిట్టల దుకాణంలో ఆమె పని పంజరాలు కడగడం. పొట్లాలు కట్టమని ఎవరూ చెప్పలేదు. అయినా కడుతుంది కాబట్టి దుకాణం పెద్దాయన ఆమెకు పొట్లాలమ్మ అని పేరు పెట్టాడు. వచ్చిన కొత్తలో ఈ చిలుక రొమ్ము మీది ఈకలన్నీ తనే పీక్కునేది. గిన్నె నిండా తిండి, చేయడానికి మాత్రం ఏమీ లేదు. ఆ బోడి రొమ్ము చూసి కొనేవాళ్ళు మొహం తిప్పుకునేవారు. పొట్లాలు విప్పే పని దొరికాక పీక్కోవడం మానేసింది. ఇప్పుడు పచ్చటి ఈకలు ఒత్తుగా మొలిచాయి.

ఆ పీకుడు ఆమెకు తెలియనిది కాదు. భర్త పోయాక తమ్ముడి ఇంట్లో ఉంటోంది. మరదలు మంచిదే, మరీ మంచిది. "మీరు కూర్చోండి వదినా, నేను చేస్తాగా" అని చేతిలో గరిటె కూడా లాక్కుంటుంది. కంచం ముందుకొస్తుంది. తిని, మంచం మీద కూర్చుని, ఆమె దుప్పటి అంచు దారాలు పీకుతుంది. దుకాణానికి వచ్చాకే ఆమెకు ప్రాణం లేచొస్తుంది.

మధ్యాహ్నం ఒకాయన మెరిసే కొత్త పంజరంతో వచ్చి, ఆ చిలుకనే కొన్నాడు.

"అంతా నీ చలవే పొట్లాలమ్మా! నువ్వు బాగుచేయకపోతే దీన్నెవరు కొంటారు?" అన్నాడు పెద్దాయన. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ మాట ఆమె గుండెల్లో దిగబడింది. చేతులారా తనే పంపించేసుకుంది.

అన్నం సంచిలోంచి గిన్నె తీసేసి, గబగబా పొట్లాలు కట్టి అందులో నింపి, ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"బాబూ, గింజలు ఊరికే గిన్నెలో పోయకండి. ఇలా కట్టివ్వండి. పని లేకపోతే మళ్ళీ పీక్కుంటుంది."

"మా ఇంట్లో దానికి ఏ కష్టమూ ఉండదమ్మా. కూర్చోబెట్టి మేపుతాం," అని నవ్వాడాయన.



పంజరం గుమ్మం దాటుతోంది. రోజూ సాయంత్రం ఇంటికి వెళ్తూ చిలుకతో "వస్తానే" అనడం ఆమె అలవాటు. ఇవాళ వెళ్ళేది చిలుక. "వెళ్ళిరా" అందామంటే నోరు రాలేదు. అది తిరిగి వచ్చేది కాదు. అలవాటైన మాటే జారింది.

"వస్తానే."

పెద్దాయన పగలబడి నవ్వాడు. "నువ్వెక్కడికమ్మా! వెళ్తోంది అది కదా!"

నిజమే, ఆమె ఎక్కడికీ వెళ్ళదు. బయట కారు కదిలిన చప్పుడైంది. చీపురు కోసం లోపలికి తిరిగింది. బల్ల మీద ఆమె అన్నం సంచి, పొట్లాలతో ఉబ్బి, పెట్టినచోటే ఉంది.