పెట్టె చెప్పే అంకె

"ఆ స్టూలు ఇంకా తడిగా ఉందని ఒక్క ముక్క ముందే చెప్తే నీ సొమ్మేం పోయింది?"

భర్త ప్యాంటు వెనక అడ్డంగా అరచేయంత ఆకుపచ్చ చార. ఆఫీసుకి బయల్దేరే వేళ.

"చెప్పాను. మీరు ఫోన్లో ఉన్నారు."

"ఎప్పుడు చెప్పావు?"

"కూర్చుంటున్నప్పుడు."

"సగం కూర్చున్నవాణ్ణి గాల్లో ఆగిపొమ్మంటావా?"

వరండాలోంచి మామగారు అందుకున్నారు. "ఒరేయ్, రంగు వేశాక నాలుగ్గంటలు ఆగాలి. తప్పు రంగుది కాదు, నీ తొందరది."

ఆయన బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు పెయింటరుగా చేసి రిటైరయ్యారు. వీధిలో పిల్లలకి ఆయన 'రంగుల తాతయ్య'. గేటు, బకెట్ పిడి, కిటికీ గడియ, ఇంట్లో లోహం అన్నది ఎక్కడ కనిపించినా బ్రష్షుతో తయారు. డిపోలో మిగిలిపోతే తెచ్చుకున్న ఆకుపచ్చ డబ్బాలు ఇంకా ఆరున్నాయి.

భర్త ప్యాంటు మార్చుకుని వచ్చి, హాల్లో గోడమీదున్న పెట్టె ముందు ఆగాడు. ఆ వీధి చివరకి కరెంటు లైను ఇంకా రాలేదు. డాబా మీది సోలార్ పలకల నుంచి వచ్చే కరెంటు ఈ కంట్రోలర్ పెట్టెలోంచే మెట్లకింది గదిలో ఉన్న రెండు బ్యాటరీలకి వెళ్తుంది. మళ్ళీ ఈ పెట్టెలోంచే ఫ్యాన్లకి, లైట్లకి, చిన్న ఫ్రిజ్‌కి వస్తుంది.

"నిన్న కూడా ఏడింటికే అన్నీ ఆపేసింది. ఆదివారం దాకా చూస్తా. తర్వాత అన్నయ్యావాళ్ళ పై గదికి వెళ్ళిపోదాం."

ఆ మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. బావగారింటి పై గదిలో నాలుగేళ్ళున్నారు. స్టవ్వు మీద నీళ్ళు పెట్టుకోవాలన్నా తోడికోడలు వంట అయ్యేదాకా మెట్లమీద నిలబడాలి. ఈ రెండు గదుల ఇల్లు కట్టేదాకా ఆమె భర్తని నిద్రపోనివ్వలేదు. ఇప్పుడు పెట్టె మీద ఒక అంకె చూసి మళ్ళీ ఆ మెట్లెక్కమంటున్నాడు.

ఆ పెట్టె తీరు మూడు వారాలుగా ఒకటే. పొద్దున పదికల్లా కడుపు నిండిందంటుంది. సాయంత్రం ఏడయ్యేసరికి ఆకలితో చచ్చిపోతున్నానంటుంది. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతున్నాయి. మంగళవారం మెకానిక్ వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే పెట్టె చూశాడు.

"బ్యాటరీలు పోయాయి మేడమ్. రెండూ మార్చెయ్యాలి."

"ఏడాది కూడా కాలేదు బాబూ. వాటి దగ్గరికెళ్ళి చూశావా?"

"పెట్టె చెప్తోందిగా మేడమ్."

పెట్టె చెప్తోంది, మెకానిక్ చెప్తున్నాడు, భర్త చెప్తున్నాడు. బ్యాటరీని మాత్రం ఎవరూ అడగలేదు.

భర్త వెళ్ళాక బీరువా కింద సొరుగులోంచి వోల్టులు కొలిచే మీటరు తీసింది. కాలేజీలో ఫిజిక్స్ ల్యాబులో పట్టుకున్న వస్తువే కాబట్టి చేతికి కొత్తేం కాదు. మెట్లకింది గదిలో వంగి, మీటరు ముళ్ళు బ్యాటరీకి ఆనించింది. పదిహేను పాయింట్ ఎనిమిది. మళ్ళీ పెట్టింది. పదహారు పాయింట్ రెండు. పన్నెండు వోల్టుల బ్యాటరీకి పదహారేమిటి నా మొహం! తుడిచి పెట్టింది, తీగలు మార్చి పెట్టింది. అదే అబద్ధం. మీటరుని నేలకేసి కొడదామన్నంత కోపం వచ్చింది. అప్పుడు కనబడింది అద్దం మూలన చీమతలంత బ్యాటరీ బొమ్మ, మినుకు మినుకుమంటూ. మీటరు లోపలి బ్యాటరీయే చావుకి సిద్ధంగా ఉంది.

పాప ఆటకారు రిమోట్‌లోంచి బ్యాటరీ ఊడబీకింది. బళ్ళోంచి వచ్చాక ఎంత ఏడుస్తుందో తర్వాత చూసుకోవచ్చు.

ఈసారి పన్నెండు పాయింట్ ఏడు. మళ్ళీ పెట్టినా పన్నెండు పాయింట్ ఏడే. హాల్లోకి పరుగెత్తి పెట్టె చూసింది. అక్కడా పన్నెండు పాయింట్ ఏడు. ఇద్దరూ ఒకే మాట! ఇక ఎవరిని పట్టుకోవాలి? చెమట తుడుచుకుంటూ నేలమీద కూలబడింది. ఎదురుగా ఫ్యాన్ ఆగి ఉంది. పొదుపని పగలంతా అన్నీ ఆపి ఉంచమన్నాడు భర్త. పది దాటి ఛార్జింగూ ఆగిపోయి, ఏమీ నడవనప్పుడు చూస్తే తేడా ఎలా తెలుస్తుంది?

లేచి మూడు ఫ్యాన్లూ, ఫ్రిజ్జూ వేసింది. ఎండ లెక్కలోకి రాకుండా డాబా పలకల స్విచ్చి ఆపింది. పెట్టె మీద పదకొండు పాయింట్ మూడు. కిందికెళ్ళి చూస్తే బ్యాటరీ దగ్గర పన్నెండున్నర. దారిలో వోల్టుకి పైగా మాయం!

మెకానిక్ వంగని చోట ఆమె మోకాళ్ళమీద కూర్చుంది. ఒక ముల్లు బ్యాటరీ సీసపు మొన మీద, రెండోది దాన్నే అంటుకుని బిగించి ఉన్న, పెట్టెకి వెళ్ళే తీగ కొస మీద. వేలెడు దూరం కూడా లేదు. అక్కడ సున్నా రావాలి. వోల్టు దాటింది. వేలు పెడితే వెచ్చగా తగిలింది.

ఫ్యాన్లూ ఫ్రిజ్జూ ఆపి, బ్యాటరీ నట్టు విప్పింది. తీగ కొసని ఎత్తగానే కింద మెరిసింది, నున్నగా, గీత తప్పకుండా, ఆకుపచ్చ రంగు.

"అదేంటమ్మాయీ, విప్పేస్తున్నావు?" వెనక మామగారు, చేతిలో బ్రష్షు. "మూడు వారాల క్రితం అక్కడ తెల్లగా పొడి పట్టిందని నేనే శుభ్రంగా గీకి వేశాను. డిపోలో మా పద్ధతి అదే. బోల్టు విప్పి, రెండువైపులా రంగేసి, తడి మీదే బిగించాలి. ముప్పై ఏళ్ళలో ఒక్క బోల్టు తుప్పు పట్టలేదు."

"పట్టలేదు మామయ్యగారూ. ఇక్కడ కరెంటు కూడా పారలేదు."

గట్టిగా అరవాలనుకుంది. మూడు వారాల విరిగిన పాలు, ఉక్కపోత రాత్రులు, బావగారి మెట్లు అన్నీ గొంతుదాకా వచ్చాయి. ఆయన బ్రష్షుని వెనక దాచుకోవడం చూసి మింగేసింది.

"రంగు అడ్డం పడి కరెంటు ఈడ్చుకుంటూ వెళ్తోంది. ఎండ ఉన్నప్పుడు అవతల వోల్టులు ఎక్కువ కనబడి, బ్యాటరీ నిండిపోయిందనుకుని పెట్టె ఛార్జింగు ఆపేస్తోంది. వాడుతున్నప్పుడు తక్కువ కనబడి, అయిపోయిందనుకుంటోంది."

"అంటే దానికి కడుపు నిండా పెట్టనే లేదు," అన్నారాయన నెమ్మదిగా. తర్వాత గరుకు కాగితం తెచ్చి, ఆమె పక్కనే చతికిలబడి, తన రంగుని తానే గీకారు. ఆ గీకడంలోనూ ఒక్క మచ్చ మిగల్చలేదు.

బిగించి, అన్నీ వేసి చూస్తే పెట్టెకీ బ్యాటరీకీ తేడా వోల్టులో పదో వంతు కూడా లేదు. పలకల స్విచ్చి వేశాక, రోజూ పదికే ఆగిపోయే ఛార్జింగు ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటినా సాగింది.

ఎనిమిదింటికి భోజనాలు వడ్డించింది. ఫ్యాన్ తిరుగుతోంది. పాప రిమోట్ కోసం ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. భర్తకి ఫ్యాన్ మీదికి ధ్యాస పోలేదు.

"అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆదివారం పొద్దున్నే వ్యాను పంపుతానన్నాడు."

"వద్దని చెప్పండి," అంది ఆమె కూర వడ్డిస్తూ.

"మళ్ళీ మొదలా? అది ఏడింటికి…" తల పైకెత్తి ఆగిపోయాడు. గడియారం చూశాడు.

మామగారు అన్నం కలపడం ఆపారు. "ఒరేయ్, తప్పు బ్యాటరీది కాదు. నా తొందరది."

భర్త నోరు తెరిచేలోపే ఆమె గరిటె గిన్నెలో పెట్టింది.

"మనం ఎక్కడికీ వెళ్ళడం లేదు. బ్యాటరీ గదికి తాళం వేశాను, చెవి నా దగ్గరుంటుంది. వారానికోసారి నేనే కొలిచి రాస్తాను. మామయ్యగారు ఆ గది తలుపుకి రంగు వెయ్యచ్చు, బయటివైపు. ఆరేదాకా మీరు దానికి ఆనుకోకండి."