కొత్తగూడ రోడ్డు మీద కిచిడీ

నోటికి తాళం వేసుకోమని మా తమ్ముడు దేవరాజు ఆ రోజు పొద్దున్నే బతిమాలాడు. "దారిలో ఎవరేం అడిగినా నేను చెబుతానక్కా. నువ్వు నోరు తెరిస్తే చీరాల మొత్తం బయటికొస్తుంది" అన్నాడు. అదీ నిజమే. పధ్నాలుగు నెలలు చందానగర్‌లో ఉన్నా నా మాట మారలేదు. కూరగాయల బండి దగ్గర "ఎంతండీ" అంటే చాలు, పక్కవాళ్ళు తిరిగి చూస్తారు.

నెల రోజులకని వచ్చి ఉండిపోయాం. దేవరాజు కూతురు జాయ్స్ బరువులెత్తుతుంది. గచ్చిబౌలి స్టేడియంలో మంచి కోచ్ ఉన్నాడంటే తీసుకొచ్చాం. దాని తల్లి చీరాల ఆస్పత్రిలో నర్సు, ఉద్యోగం వదిలి రాలేదు. పెళ్ళీ పెటాకులూ లేని దాన్ని నేనున్నానుగా, వండిపెట్టడానికి నన్ను లాక్కొచ్చారు. ఒకటే గది. బట్టలు మంచం కింద పెట్టెల్లోంచి తీయడం, మళ్ళీ పెట్టెల్లోనే పెట్టడం. ఒక బీరువా కొనరా అంటే "వెళ్ళిపోయేవాళ్ళకి బీరువా ఎందుకక్కా" అంటాడు. ఇంటావిడ కూడా "మీరెప్పుడు పోతరమ్మా" అని అడుగుతుండేది. ఆవిడ మామూలుగానే అడిగేది, కానీ ఆ ఏడాది ఆ మాట మామూలుగా వినపడేది కాదు. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, ఆఫీసుల్లేవు. వాళ్ళ రాష్ట్రం వాళ్ళడుగుతున్నారు, అడగనీ అనుకునేదాన్ని. మా పిల్ల సెలక్షన్ కూడా ఆ వారమే పడాలా?

జాతీయ క్యాంపుకి ఇద్దర్ని తీసుకుంటారు. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు సాయంత్రం విమానానికి వెళ్ళిపోతారట, వాయిదా లేదు. పదకొండు నుంచి పన్నెండు దాకా తూకం. నలభై ఎనిమిది కిలోల తరగతి. యాభై గ్రాములు ఎక్కువైనా బయటికి పొమ్మంటారు. ముందురోజు సాయంత్రం జాయ్స్ రెండొందల గ్రాములు ఎక్కువుంది. అప్పట్నుంచీ దానికి మెతుకు లేదు, చుక్క నీళ్ళు లేవు. బడిపంతులుగా దేవరాజు పెట్టిన జీతం లేని సెలవు నెలాఖరుకి అయిపోతుంది. ఇది పోతే పెట్టెలు పట్టుకుని ఇంటికే.

నేనూ తినట్లేదు, మూడు రోజులుగా. దాని పోటీ ఉన్నప్పుడల్లా నేను ఉపవాస ప్రార్థనలో ఉంటాను. అది ఆఖరి బరువు కింద పెట్టాకే నేను ముద్ద ముట్టేది. ఒంగోల్లో అంతే, బెజవాడలో అంతే. ఈసారైతే పాస్టరుగారి భార్య పుణ్యవతిగారు సంఘం అందరి ముందూ నా చేతులు పట్టుకుని మొక్కుబడి చేయించారు. జాయ్స్‌కి కోచ్ మీద కంటే నా ఖాళీ కడుపు మీదే నమ్మకం. బార్ పట్టుకునే ముందు నా వైపు చూస్తుంది, నేను తలూపుతాను, అప్పుడు ఎత్తుతుంది.

ఏడున్నరకి నడక మొదలెట్టాం. ఆటోలూ బందే. చెమట పట్టాలని జాయ్స్ వాళ్ళ నాన్న స్వెటరు వేసుకుంది. హఫీజ్‌పేట దాటేసరికి దాని పెదాలు తెల్లగా పాలిపోయాయి. నా కాళ్ళు నావి కావు. దేవరాజు మాత్రం గడియారం చూసుకుంటూ ముందు నడిచాడు. తొమ్మిదిన్నరకి కొత్తగూడ చౌరస్తా చేరాం. రోడ్డుకి అడ్డంగా తాడు కట్టుంది.

తాడు అవతల రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు, పెద్ద పెద్ద గుండిగలు. వంటా వార్పు అంటారు. రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తిని నిరసన తెలపడం. మెడలో ఆఫీసు ట్యాగులున్న కుర్రాళ్ళు కూడా బాసింపట్టు వేసుకుని ఆకుల ముందు కూర్చున్నారు. తాడు దగ్గర కండువా వేసుకున్న పెద్దాయన నిలబడి ఉన్నాడు. అందరూ లింగయ్య సారని పిలుస్తున్నారు.

"నడిచెటోళ్ళను ఆపం. గని ఇయ్యాల ఈ రోడ్డు మీద ఎవలు పోయినా ఓ ముద్ద తినే పోవాలె. ఏ ఊరు మీది?" అన్నాడాయన.

చందానగర్ అంటే సరిపోయేది. అదీ అబద్ధం కాదు కదా. కానీ మా దేవరాజు సండే స్కూల్లో పిల్లలకి అబద్ధమాడరాదని చెప్పీ చెప్పీ అదొక జబ్బు తెచ్చుకున్నాడు. జాయ్స్ వయసు ఒక్క నెల తగ్గించి రాస్తే చిన్నపిల్లల విభాగంలో పతకం ఖాయమని ఊరంతా చెప్పినా రాయని మహానుభావుడు.

"చీరాలండి" అన్నాడు.

తాడు దగ్గరున్న నలుగురూ మా వైపు తిరిగారు.

"మంచిదే. కూసోండ్రి మరి" అన్నాడు లింగయ్య. ఆయన గొంతులో కోపం లేదు, నవ్వూ లేదు.

మా ముందు మూడు విస్తరాకులు పడ్డాయి. భ్రమరాంబ అనే ఆవిడ, నా ఈడుదే, గరిటెతో కిచిడీ వడ్డించి పక్కన పుల్లటి ఖట్టా పోసింది. జాయ్స్ ఆకు వంకే చూస్తోంది. దాని గొంతు కదలడం నాకు కనపడింది. ఒక్క ముద్ద తింటే ఆగగలదా అది? ఆ ఆకులోది తింటే రాత్రి నుంచీ ఎండగట్టిందంతా తిరిగొచ్చేస్తుంది.

"పాప తినకూడదండి. తూకం ఉందండి, పోటీకి" అన్నాడు దేవరాజు, తన ముద్ద కలుపుకుంటూ.

"తూకమా? పిల్లను తూకమేసుడేంది, మేకనా?" అన్నాడు వెనకనుంచి ఒకడు. కొందరు నవ్వారు. ఇంకొకడు నవ్వలేదు. "మా నీళ్ళు తాగుతరు, మా నౌకర్లు చేస్తరు, మా చేతి బువ్వ మాత్రం ఎక్కదు వీళ్ళకు" అన్నాడు.

లింగయ్య అతన్ని ఆగమన్నాడు గానీ, ఆయన మొహం కూడా మాడింది. భ్రమరాంబ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడ కళ్ళు చూడలేకపోయాను నేను.

మా అమ్మ క్రిస్మస్‌కి అరిసెలు వండి పై వీధి వాళ్ళకి పంపేది. నవ్వుతూనే పుచ్చుకునేవాళ్ళు. పొద్దుగూకేసరికి అవి వాళ్ళ గేదె కుడితి తొట్లో తేలేవి. పదేళ్ళ వయసులో నేనది కళ్ళారా చూశాను, మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. చేతి అన్నం వద్దంటే ఎలా ఉంటుందో నాకెవరూ నేర్పక్కర్లేదు.

"పాప ఆకు ఇటివ్వు" అన్నాను దేవరాజుతో.

"అత్తా, వద్దు. నీ ఉపవాసం..." అంది జాయ్స్.

"నోరు ముయ్యి."

ప్రభువా, నీతో తర్వాత మాట్లాడతాను అనుకుని ముద్ద కలిపాను. మూడు రోజుల తర్వాత గొంతులోకి దిగిన ఆ ముద్ద ఎంత రుచిగా ఉందో చెప్పడానికి సిగ్గేస్తుంది. నా ఆకు అయింది. జాయ్స్ ఆకు కూడా ఊడ్చేశాను. కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

భ్రమరాంబ నా పక్కన గొంతుక్కూర్చుంది. "ఖట్టా కారమైందా అక్కా?"

"లేదండి. మూడు రోజుల ఉపవాసమండి, పిల్ల కోసం."

ఆవిడ గరిటె కింద పెట్టేసింది. "ముందుగాల చెప్పొద్దా? ఉపాసమున్నోళ్ళను బలిమి చేస్తమా మేము?" అని లింగయ్య మీద కేకలేసింది. ఆయన తాడు ఎత్తి పట్టుకుని, "దా బిడ్డా, జల్ది నడువు. ముంగట ఇంక రెండు తాళ్ళున్నయ్, నేనొస్త" అన్నాడు. గచ్చిబౌలి దాకా మాతో నడిచి, ప్రతి తాడు దగ్గరా "తిన్నరు, తిన్నరు" అని దాటించాడు.

పావుతక్కువ పన్నెండుకి జాయ్స్ తూకం బల్ల ఎక్కింది. నలభై ఏడు కిలోల తొమ్మిదొందల గ్రాములు. హమ్మయ్య అనుకున్నాను. బందుకి కొట్లేవీ తెరవలేదు, కోచ్ కలిపిచ్చిన గ్లూకోజు నీళ్ళే తాగింది. అసలు కష్టం అప్పుడే మొదలైంది.

ముందు స్నాచ్ అని ఉంటుంది. బార్‌ని ఒక్క ఊపులో నెత్తి మీదికి లేపాలి. మూడు అవకాశాలు, మూడూ తప్పితే అంతే సంగతులు. అరవై రెండు కిలోలు పెట్టారు. ఆ పిల్ల రోజూ పొద్దున్నే లేచి ఎత్తే బరువది. బార్ పట్టుకుని నా వైపు చూసింది. నేను తలూపాను. అది మొహం తిప్పేసుకుంది. బార్ మోకాళ్ళ దాకా వచ్చి దబ్బున పడింది. రెండోసారి నా వైపు చూడనేలేదు. బార్ నెత్తి దాకా వెళ్ళి వెనక్కి జారిపోయింది.

కోచ్ వద్దంటున్నా లోపలికి పోయాను. జాయ్స్ బెంచీ మీద కూర్చుని నడుం బెల్టు విప్పేస్తోంది. "నువ్వు తినేశావుగా అత్తా. ఇంక నావల్ల కాదు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. దాని మీద కాదు, నా మీదే. ఇన్నేళ్ళూ ఆ నమ్మకం దానికి నూరిపోసింది నేనే కదా.

"ఒసేయ్ పిచ్చిదానా, ఒంగోల్లో పతకం తెచ్చావే, ఆ పొద్దున నేను బస్టాండులో ఇడ్లీ తిన్నాను. అల్లప్పచ్చడితో. ఆకలికి ఆగలేక తిన్నాను, నీకు చెప్పలేదు. మరి ఎలా లేపావు? నా కడుపు లేపిందా, నీ చేతులు లేపాయా?"

అది నోరు తెరుచుకుని చూసింది. "నిజంగానా?"

"దేవుడి తోడు" అన్నాను.

బయట దాని పేరు పిలిచారు. ఈసారి జాయ్స్ ఎవరి వైపూ చూడలేదు. బార్ మీదకి వంగి పళ్ళు బిగబట్టి ఒక్క ఊపు ఊపింది. అరవై రెండు కిలోలు దాని నెత్తి మీద నిలిచాయి. ఎత్తు సరేనంటూ మూడు తెల్ల దీపాలు వెలిగాయి. ఆ తర్వాత ఎత్తిన బరువుల్లో ఒక్కటీ తప్పలేదు. రెండో స్థానంలో నిలిచి క్యాంపులో పడింది. గోడకి చేరబడి ఏడ్చాను, ఎందుకేడుస్తున్నానో అక్కడెవరికీ తెలియదు. ఒంగోల్లో నేను పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. మొక్కుబడి తప్పాను, అది చాలక దేవుడి మీద ఒట్టేసి మరీ అబద్ధమాడాను.

ఐదున్నరకి మళ్ళీ కొత్తగూడ వచ్చాం. పొయ్యిలు ఆర్పేసి ఉన్నాయి. భ్రమరాంబ రోడ్డు పక్క గట్టు మీద గిన్నె పెట్టుకుని కూర్చుంది. "తూకమైందా బిడ్డా? ఇగ తింటవా?" అని మూత తీసింది. చల్లారిపోయిన కిచిడీ. జాయ్స్ అక్కడే రోడ్డు మీద కూలబడి రెండు చేతులా తిన్నంత పని చేసింది. దేవరాజు దాని పక్కనే కూర్చుని నీళ్ళ సీసా పట్టుకున్నాడు.

నోటి నిండా ముద్ద పెట్టుకుని, "అత్తా, ఆ రోజు ఎన్ని ఇడ్లీలు తిన్నావేంటి?" అంది.

దేవరాజు తలెత్తి నన్ను చూశాడు. ఒంగోలు బస్టాండులో ఆ పొద్దున నా పక్కన ఉన్నది వాడే. ఇడ్లీ తాను తింటూ, "నువ్వూ ఒకటి తినక్కా" అని బతిమాలి బతిమాలి ఊరుకున్నదీ వాడే. ఇంక అయిపోయిందనుకున్నాను.

"రెండు" అన్నాను.

"రెండు కాదక్కా, మూడు. పక్కన కూర్చుంది నేనేగా" అన్నాడు దేవరాజు, సీసా మూత తిప్పుతూ.

జాయ్స్ నవ్వుతూ ఇంకో ముద్ద కలుపుకుంది. నా నోటికి ఆ రోజు నిజంగానే తాళం పడింది.