ఎర్ర మూట

నా కళ్ల ముందు జరిగింది కాబట్టి రాస్తున్నాను. పెద్దాసుపత్రి వెనక బట్టలుతికే షెడ్డులో నేను గుమాస్తాని. ఏ వార్డు నుంచి ఎన్ని దుప్పట్లు వచ్చాయో రిజిస్టర్లో రాయడం నా పని. రక్తం, చీము అంటిన బట్టలు ఎర్ర సంచుల్లో విడిగా వస్తాయి. వాటిని మేం ఎర్ర మూటలంటాం. ఆ మూటలు విప్పి వేరుచేసే మనిషిని మూటలక్క అంటాం.

ఆ ఉదయం మూటలక్క ఒక దుప్పటి దులిపింది. మడతలో చిక్కుకున్న ఇంజెక్షన్ సూది ఆమె బొటనవేలి కింద దిగింది. చేతికి గ్లౌజుల్లేవు. పదకొండేళ్లలో ఎన్నడూ లేవు. కాంట్రాక్టరు వచ్చి చూశాడు. కొళాయి కింద కడుక్కోమని, మూటలు మాత్రం ఆగకూడదని చెప్పి వెళ్లాడు. ఆమె వేలికి గుడ్డపీలిక చుట్టుకుని మిగిలిన మూటలన్నీ విప్పింది.

రెండు నెలలకు ఆమె కళ్లు పచ్చబడ్డాయి. రోగం ఇంటి నుంచి తెచ్చుకున్నావంటూ కాంట్రాక్టరు ఆమెను గేటు దగ్గరే ఆపేశాడు. మరి వైద్యం ఎవరు చేయిస్తారని గంజి పిన్ని అడిగింది. పిన్ని బట్టలకు గంజి పెడుతుంది. ఆమె మెడా అలాగే ఉంటుంది, ఎవరి ముందూ వంగదు.

కాంట్రాక్టరు నవ్వాడు. "ఏ రూల్లో ఉందమ్మా? రూల్సన్నీ వెబ్‌సైట్లో పెట్టారు. చదువుకుని రా, మాట్లాడదాం."

అతను ఎగతాళిగా అన్న మాటను పిన్ని నిజంగానే పట్టుకుంది.

మధ్యాహ్నం తిండివేళ, బట్టలారేసే పెరట్లో తడి దుప్పట్ల మధ్య కూర్చున్నాం. నలభై మందిమి, నా ఫోను ఒక్కటి. కాలేజీలో చదివినవాణ్ని, నాకిదెంత పని అనుకున్నాను. ఏమని వెతకమంటారని అడిగితే అందరూ ఒకటే చెప్పారు. ఎర్ర మూట. కొట్టాను. ఫలితాలు సున్నా. బట్టలుతికేవాళ్లు అని కొడితే వాషింగ్ మిషన్ల ప్రకటనలు వరస కట్టాయి.

"మన గురించి అడిగితే మన బదులు వచ్చేదాన్ని చూపిస్తోంది బాబాయ్," అంది బాయిలరు మనిషి. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మూడు మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. ఇస్త్రీ పెద్దాయన ఇక వదిలేయమన్నాడు. ఒకామె కోసం నలభై మందీ గేటు బయట పడతారా అని అడిగాడు. అతని మాటలో భయముంది, అబద్ధం లేదు. అతనితో పాటు ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు కూడా.

నాలుగో రోజు మూటలక్క వెనక గోడ సందులోంచి వచ్చింది. గోడ పట్టుకునే నడిచింది. నీడలో కూర్చుని, ఆయాసం తగ్గాక నన్ను అడిగింది.

"ఆ సంచి మీద ఏదో అచ్చేసి ఉంటుంది కదా బాబాయ్. ఇన్నేళ్లు మోశాను గానీ చదవలేదు. వాళ్లు దాన్నేమంటారో?"

నేను తల దించుకున్నాను. సంక్రమణ వస్త్రములు. రోజూ రిజిస్టర్లో నా చేత్తో రాసే మాట అదే. నోటితో ఎర్ర మూట అంటూ, చేత్తో సర్కారు మాట రాస్తూ, ఆ రెండూ ఒకటేనని నాకు తట్టలేదు.

ఆ మాట కొట్టాను. ఆరోగ్య శాఖ, ఉత్తర్వులు, పద్నాలుగో క్లాజు. సంక్రమణ వస్త్రములు తాకే ప్రతి మనిషికీ మందపాటి గ్లౌజులు ఇవ్వాలి. ముందే టీకాలు వేయాలి. సూది గుచ్చుకుంటే ఆ రోజే మందు మొదలుపెట్టాలి. రోగం వస్తే ఆసుపత్రే వైద్యం చేయాలి, పనిలోంచి తీయకూడదు. ఆరేళ్ల కిందటి ఉత్తర్వు. పైన ఉన్న చిరునామా సర్కారుదేనా అని ఎలా చూడాలో, తర్వాత సవరణ వచ్చిందేమో ఎక్కడ వెతకాలో అందరికీ చూపించాను. సవరణ ఏదీ లేదు.

చిన్న తెర మీది అక్షరాలు నలభై మందికి ఆనవు. పిన్ని ఒక చిరుగు దుప్పటి నేల మీద పరిచింది. వార్డు గుర్తులు వేసే సిరా తెచ్చింది. ఎన్ని ఉతుకులు ఉతికినా వదలని సిరా అది. నేను చదువుతుంటే ఆమె తెర చూసుకుంటూ రాసింది. ఆమెకు ఏది ఉత్తర్వో ఏది కాదో తెలియదు. పై చిరునామా నుంచి, తేదీ నుంచి, అడుగున ఉన్న 'ఈ పేజీ మీకు ఉపయోగపడిందా? అవును, కాదు' దాకా అంతా ఎక్కించింది. ఆ చివరిది అక్కర్లేదని నేను చెప్పేలోపే రాసేసింది.

అందరం కలిసి కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాం. అతను ఫోను అందుకుని రెండుసార్లు చదివాడు. పైవాళ్లతో మాట్లాడాలి, సోమవారం రండి అన్నాడు. సోమవారం వెళ్లి పేజీ తెరిస్తే ఒకే ముక్క ఉంది: మీరు కోరిన పేజీ లభ్యం కాలేదు.

"ఏదమ్మా మీ రూలు?" అన్నాడు.

పిన్ని వెనక్కి తిరిగింది. ఆ మధ్యాహ్నం ఎవరూ ఎర్ర మూట విప్పలేదు. బాయిలరు చల్లారింది. వార్డుల కిటికీలకు ఎదురుగా ఉన్న దండెం మీద దుప్పటి ఆరేశారు. రోగులు కిటికీల్లోంచి పైకే చదివారు. వెళ్లిపోయినవాళ్లలో ఇస్త్రీ పెద్దాయన తిరిగొచ్చి, గాలికి ఎగరకుండా దుప్పటి అంచు పట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రంలోగా పోలీసులొచ్చారు. సర్కారు ఆస్తిని పాడుచేశారన్నది కేసు. ఆ ఆస్తి చిరుగు దుప్పటి. నాతో కలిపి పదకొండు మందిని వ్యానెక్కించారు. స్టేషన్లో వాంగ్మూలం తీసుకునేటప్పుడు ఇన్‌స్పెక్టరు సంక్రమణ వస్త్రములు అని రాయబోతే పిన్ని ఆపింది.

"నేనన్నది రాయండయ్యా. ఎర్ర మూట."

అతను విసుక్కుని అలాగే రాశాడు.

మేం లోపల ఉండగానే మూటలక్క పోయింది. చివరికి ఆసుపత్రి ఆమెకు మంచమిచ్చింది, మందులతో పనిలేని రోజున. మూడో వార్డు. నా భార్య పోయింది కూడా అక్కడే. ఆ రోజుల్లో మూటలక్క రోజూ వెతికి, ఉతికి ఉతికి మెత్తబడ్డ దుప్పటి నా భార్య మంచానికి పంపేది. ఈసారి ఒక నర్సు అలాంటిదే వెతికి ఆమె కింద పరిచిందట. నాకు అంతే తెలుసు. అంతకంటే మంచి కబురు నా దగ్గర లేదు.

బెయిలు మీద బయటికొచ్చేసరికి షెడ్డులో కొత్తవాళ్లున్నారు. వాళ్ల చేతులకూ గ్లౌజుల్లేవు. మాకు గేటు మూసేశారు. ఆ పేజీ మళ్లీ రాలేదు. మూటలక్క ఇంట్లో జరగాల్సినవి జరిగాక, వాళ్ల వాకిట్లోనే కూర్చున్నాం. పిన్ని నా ఫోను అడిగింది. తనే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ఎర్ర మూట.

ఫలితాలు ఒకటి.

అది మా కేసులో కోర్టు ఇచ్చిన ఉత్తర్వు, సర్కారు సైటులోనే ఉంది. పిన్ని వాంగ్మూలం ఎర్ర మూట అన్న ఆమె మాటతోనే అందులో ఎక్కింది. మేం చేసిన నేరమేమిటో చూపడానికి దుప్పటి మీది రాతనంతా అక్షరం పోకుండా అందులో ఎక్కించారు. చిరునామా, తేదీ, పద్నాలుగో క్లాజు. కేసు తేలేదాకా దుప్పటిని భద్రపరచాలని పోలీసులకు ఆదేశం కూడా ఉంది. వాళ్లు తుడిచేసినదాన్ని ఇప్పుడు వాళ్లే కాపాడాలి. అడుగున పిన్ని రాసిన ఆఖరి ముక్కా ఉంది. ఈ పేజీ మీకు ఉపయోగపడిందా? అవును, కాదు.

నేను పైకే చదివాను. కాదు అని ఎవరో అన్నారు. మూటలక్క కూతురు అటు తిరిగిపోయింది.

"ఇంకా వాడలేదుగా," అంది పిన్ని. లేచి, చీర దులుపుకుంది. "షెడ్డులోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎన్నింటికి తింటారు బాబాయ్?"

నేను చెప్పాను. ఆమె తన సంచిలోంచి ఆ సిరా సీసా తీసుకుని నడిచింది. మేం వెనకే వెళ్లాం.