బొటనవేలి రంగు

చింతపండులోంచి గింజలు తీస్తుంటే కోమల కుడిచేతి చూపుడువేలి గోరు మీద రంగు పెచ్చులా లేచింది. నిన్న పొద్దున వేసుకున్నదే. గీకి పారేయబోయి, ఆగి చూసుకుంది.

ఆ రంగు సీసాలు పంపింది చెల్లెలి బిడ్డ హర్షిణి. మంచిర్యాలలో కొత్తగా ఫ్యాన్సీ దుకాణం పెట్టుకుంది. సరుకు ఎక్కువ తెప్పించే ముందు రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియాలట. "కాపాడుకుంట కూసోవద్దు పెద్దమ్మా. రోజు పనులు ఎట్ల చేస్తవో గట్లనే చెయ్యాలె," అని ఫోనులో మరీ మరీ చెప్పింది. కోమలకు నవ్వొచ్చింది. చేతుల్ని కాపాడుకోవడం తనకు తెలిస్తే కదా.

కానీ పరీక్ష అనేసరికి తన చేతుల్ని పరాయివాటిలా చూడటం మొదలైంది. బొటనవేలు వెల్లుల్లి పొట్టుకు పోయింది. చూపుడువేలు చింతపండుకు. జొన్నపిండి మిగతా గోళ్ల అంచులు తినేసింది. అత్తమ్మ జడలో చిక్కులు, భర్త కాలర్ల మురికి, పొయ్యి మీద పొంగిన పాలు మిగిలింది తీసుకుపోయాయి. ఎడమచేతి ఉంగరపు వేలు ఒక్కటే ఎర్రగా, నిండుగా ఉంది. ఏ పనికీ దాని అవసరం పడదు. తన వేలిని చూసి తనకే అసూయ కలగడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. కాస్త సిగ్గు కూడా అనిపించింది.

"రంగే నాసిరకం," అన్నాడు భర్త విద్యాధర్, రొట్టె తుంచుకుంటూ. "దినమంత ఇంట్ల ఉండేదానికే ఆగుతలేదంటే, బయట పని చేసేటోళ్లకు ఏం ఆగుతది? వద్దని చెప్పు ఆ పిల్లకు."

మాటలో విషం లేదు. హర్షిణి నష్టపోతుందనే ఫికరు. పెళ్లయినప్పటి నుంచి ఇలాంటి మాటలు విషం లేకుండానే తగిలాయి. అందుకే నొప్పి ఎక్కడుందో ఆమె చూపించలేకపోయింది. ఈసారి చూపించవచ్చనిపించింది.

"మీరు బయట పని చేసేటోళ్లే గద. చెయ్యి ఇటు ఇయ్యుండ్రి."

"ఎరువుల దుకాణంల కూసునేటోన్ని. నలుగుర్ల నవ్వులపాలు చేస్తవా?"

"హర్షిణి కోసం."

ఆ పేరు చెబితే అతను దేనికీ కాదనడు. కుడి బొటనవేలు చాపాడు. రంగు చల్లగా తగలగానే చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మర్నాడు దుకాణంలో గుమాస్తా లచ్చయ్య, "ఏందన్నా, వదినె వేలు పెట్టుకొచ్చినవా?" అన్నాడట. ఇంటికొచ్చి అదీ తనే చెప్పి నవ్వాడు.

వారం తిరిగింది. భోజనం దగ్గర అతని బొటనవేలు పళ్లెం అంచున మెరుస్తోంది. గీత కూడా పడలేదు. కోమల మజ్జిగ పోసి, రంగు పెచ్చులూడిన తన చేతిని దాని పక్కనే ఉంచింది. వెనక్కి తీసుకోలేదు. విద్యాధర్ రెండు చేతుల్నీ చూశాడు. నమలడం ఆపాడు.

"ఒక్క సీసలదేనా?"

"ఒక్క సీసలదే. రెండిటికీ నేనే పూసిన."

కోమల ఫోను చేసి, "రంగు మంచిదే బిడ్డా, తెప్పించుకో," అని హర్షిణికి చెప్పింది. ఇంకో సీసా మూత తీసి, అతని వాలుకుర్చీలో కూర్చుని పదివేళ్లకూ పూసుకుంది. వంటింట్లో గిన్నెలు అలాగే ఉన్నాయి.

"పచ్చిగున్నయి," అంది వేళ్లు చాపి.

విద్యాధర్ చొక్కా చేతులు పైకి మడుచుకుని లోపలికి పోయాడు.

"పీచు ఏడుంటది?"

"అక్కడనే చూడుండ్రి."

నీళ్ల చప్పుడు. కాసేపటికి మళ్లీ, "కుక్కర్‌ల పప్పు అడుగంటింది. ఇది ఎట్ల పోతది కోమలా?"

"గోరుతోని గీకుండ్రి."

రంగు ఎప్పుడో ఆరిపోయింది. కోమల లేవలేదు.