పాలు పొంగిన గది

గృహప్రవేశం రోజున ఇంటివాళ్ళు తలస్నానం చేసి పట్టుబట్టలు కడతారు. అలాంటి ఒక కొత్త ఇంటి ముందున్న మా గదిలో నేను, శరణమ్మను, పళ్ళు నూరుతూ జొన్నరొట్టెలు కొడుతున్నాను. గేటు దగ్గర జేసీబీ నిలబడి ఉంది. పూజ అవగానే అది మా గదిని కూల్చాలి.

చిరాగ్‌పల్లి దాటాక హైవే పక్కనున్న ఈ అల్లం తోటకు నేనూ, మా ఆయన మల్లప్పా కాపలా. పెళ్ళయి వచ్చింది మొదలు ఈ ఒక్క గదే మా ఇల్లు. పాత ఆసామి తోట అమ్మేశాడు. కొన్న సూర్యనారాయణగారిది కోస్తా, జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ ఇంజనీరు. తోటలో పాలరాయి పరిచిన ఇల్లు కట్టుకున్నారు. దాని ముందు మా రేకుల గది దిష్టిబొమ్మలా ఉందట, కారు పెట్టుకోవడానికి ఆ చోటు కావాలట. మరి మేమెక్కడికి పోవాలని అడిగితే చూసుకోండి అన్నారు. ఏం చూసుకోవాలి, ఆకాశమా? మల్లప్పేమో ఫికర్ చేయకు అంటూ ఆ జేసీబీ డ్రైవరుకే చాయ్ ఇచ్చి వచ్చాడు. ఆ మనిషిని ఏమనాలి?

ఇంతలో కొత్త ఇంట్లో గోల మొదలైంది. పాలు పొంగించాలి. కొత్త స్టవ్వు, నిండు సిలిండరు, వెండి గిన్నె అన్నీ తెచ్చుకున్నారు, రెగ్యులేటరు మాత్రం పాత ఇంట్లోనే మరిచిపోయారు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గొంతు పెంచారు. కట్టెలు రాజేద్దామంటే కొత్త గోడలు మసిబారతాయని సూర్యనారాయణగారి భార్య అన్నపూర్ణమ్మ ఒప్పుకోలేదు. అప్పుడే ఆవిడ కంట మా పొగ పడింది.

ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో పాలగిన్నె పట్టుకుని ఆవిడ పరుగెత్తుకొచ్చారు. వెనకాల కొబ్బరికాయతో మొగుడు, ఆ వెనక పంచాంగంతో పంతులు, ఏమైందో తెలియక డ్రైవరు కూడా. నా పెనం తనే దించేసి, గిన్నె పెట్టి, కాస్త ఊదమన్నారు. నాకు ఒళ్ళు మండింది. నా ఇల్లు కూల్చే రోజున నా పొయ్యే కావలసి వచ్చిందా? చచ్చినా ఊదకూడదనుకున్నాను. కానీ పొయ్యి మీద పాలు పెట్టాక ఊదకుండా చేతులు కట్టుకుని ఎవరు కూర్చోగలరు? ఊదాను. పాలు బుసబుసా పొంగి నాలుగు వైపులా కారాయి. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను.

పంతులుగారు మాత్రం కొట్టలేదు. పాలు ఈ పొయ్యి మీద పొంగాయి కాబట్టి గృహప్రవేశం ఈ గదికే జరిగినట్టని తేల్చేశారు. దంపతులు ఈ రాత్రి నిద్ర చేయాల్సింది కూడా ఇక్కడేనట. రేపటి నుంచి మూఢం, శుభకార్యాలు చేయకూడదట, మూఢం వెళ్ళాకే కొత్త ఇంటికి ముహూర్తమట.

ఇక మొదలుపెట్టాలా అని డ్రైవరు అడిగాడు. సూర్యనారాయణగారు నోరు తెరిచేలోపే, పాలు పొంగిన ఇంటిని ఎవరైనా పడగొట్టుకుంటారా అని ఆవిడ ఆయన మీద విరుచుకుపడ్డారు. డ్రైవరు రెండు పూర్ణాలు తిని బండి తిప్పుకుని పోయాడు.

నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. మల్లప్ప మంచం దులిపి వేశాడు. ఆవిడ కూర్చుని, బాత్రూం ఎటని అడిగారు. మాకు లేదని, పక్క చేనులో చెరుకు చాటుకు పోతామని చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. నేను నవ్వు ఆపుకుని అడిగేశాను.

"అమ్మా, తెల్లారినంక మల్ల మమ్ముల పొమ్మంటరా? ఇప్పుడే చెప్పున్రి."

"ఎందుకు పొమ్మంటాను? పాలు పొంగిన పొయ్యి రోజూ వెలగాలి. వెలిగించేది నువ్వేగా," అని ఆవిడ మొగుడి వైపు తిరిగారు. "ఏవండీ, కారు ఎండలో ఉంటే ఏమీ కాదు. ముందు వీళ్ళకి బాత్రూం కట్టించండి."

పంతులు ఎదుటే ఆయన సరేనన్నారు.

"ఈ గది మీదే శరణమ్మా. ఈ ఒక్క రాత్రికి నేను మీ ఇంటికి చుట్టాన్ని," అన్నారు అన్నపూర్ణమ్మ.

నా ఒళ్ళు గాల్లో తేలిపోయింది. మల్లప్పను పట్టుకుని గిరగిరా తిప్పాలనిపించింది, పంతులున్నాడని ఊరుకున్నాను. చుట్టమన్నాక తిండి పెట్టాలి కదా. వేడివేడి రొట్టె కాల్చి, కారం నూరి పెట్టాను. పచ్చిమిరపకాయలు రెండు ఎక్కువే వేశాను. నా కోపం ఇంకా అంతా పోలేదు మరి.