మజ్జిగ ఫోటో కింద

ఝాన్సీ నా దగ్గర జూనియర్‌గా చేరి ఆరేళ్ళయింది. గరివిడి పక్క పల్లెలో చోళ్ళు, అంటే రాగులు, పండించే ఇంటి పిల్ల. వకాలతు అంతా నేర్పాను గానీ ఆ ఫేస్‌బుక్ ఒక్కటి మాన్పించలేకపోయాను. “పిటిషన్ రాయవమ్మా, కామెంట్లు ఏ జడ్జీ చదవడు” అని ఎన్నిసార్లు తిట్టానో. తలూపేది, మళ్ళీ రాసేది.

ఆ ఎండాకాలం ఒక పోలీసు స్టేషన్ వాళ్ళు చలివేంద్రం తెరిచి, జనానికి మజ్జిగ పోస్తున్న ఫోటో తమ పేజీలో పెట్టుకున్నారు. దాని కింద ఝాన్సీ రాసింది: “మజ్జిగ చల్లగా ఉన్నట్టుంది. మొన్న పొద్దున్న మీరు తీసుకెళ్ళిన లక్ష్ముడికి కూడా ఒక గ్లాసు ఇచ్చారా? అతన్ని మేజిస్ట్రేటు ముందుకు ఎప్పుడు తెస్తారు?”

లక్ష్ముడు క్వారీ లారీలకు అడ్డంగా రోడ్డు మీద కూర్చున్న రైతు. పట్టుకున్న మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని చట్టం. వాళ్ళు నిలబెట్టలేదు సరికదా, కేసు కూడా రాయలేదు.

మర్నాడు మాట్లాడాలి రమ్మని పిలిచి ఝాన్సీని కూడా స్టేషన్‌లో కూర్చోబెట్టేశారు. ఆ సంగతి ఫోన్ చేసి చెప్పింది లక్ష్ముడి తల్లి దేముడమ్మ. విజయనగరం నుంచి కారు నడుపుతూ దారి పొడుగునా ఝాన్సీని తిట్టుకున్నాను.

స్టేషన్ గేటు దగ్గర దేముడమ్మ నా చెయ్యి పట్టుకుంది. “నా కొడుకు కోసం అడిగిన పాపని కూడా అట్టే పెట్టేసినారు బాబూ. ఏటి సెయ్యాల?”

లోపల ఎస్సై ఉదయభాస్కర్ మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు.

“పోలీసుల పరువు తీసే కామెంటు సార్ అది. కేసు కడితే ఆవిడ ప్రాక్టీసుకే ముప్పు. మీరు పెద్దవారు, చెప్పండి. తీసేస్తే ఇప్పుడే పంపించేస్తాను. అయినా లక్ష్ముడనే మనిషి మా దగ్గర లేడు.”

అని, తాము లాక్కున్న ఫోన్ తెచ్చి, అక్కడే కూర్చోబెట్టిన ఝాన్సీ ముందు బల్ల మీద పెట్టాడు. నాకు నిజంగా భయం వేసింది. ఎంత కష్టపడి వేసుకున్న నల్లకోటు అది!

“తీసేయమ్మా. బయటికెళ్ళి పిటిషన్ వేద్దాం” అన్నాను.

ఝాన్సీ కోర్టులో పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుతుంది. కోపం వస్తే మాత్రం ఊరి యాస బయటికొస్తుంది.

“తియ్యను సార్. అదుందనే ఆడి మీద సెయ్యెయ్యడానికి జంకుతన్నారు. ఇప్పుడది తీసేస్తే ఆడు ఇక్కడ లేడన్న మాటే నిజమైపోద్ది. పిటిషన్ ఎయ్యాలంటే ముందు మనిషి మిగలాల గదా. నా కోటు పోతే పోనీండి.”

నా దగ్గర నేర్చుకున్న పిల్ల అని ఆ గదిలో ఉన్న ప్రతి కానిస్టేబుల్‌కీ పేరుపేరునా చెప్పాలనిపించింది.

జేబులోంచి నా ఫోన్ తీశాను. తన డాన్సు ఫోటోలు చూడాలని మా మనవరాలు చరిత నాకూ ఒక అకౌంటు తెరిచి పెట్టింది. మజ్జిగ ఫోటో వెతికి పట్టుకుని, ఒక్క వేలితో కొట్టాను: “నేనూ అడుగుతున్నాను. లక్ష్ముడు ఎక్కడ? అనంతపద్మనాభం, అడ్వకేటు, విజయనగరం.”

కాసేపటికి ఎవరో కానిస్టేబుల్ వచ్చి ఎస్సైకి తన ఫోన్ చూపించాడు. ఎస్సై మొహం మాడిపోయింది.

“సార్, మిమ్మల్ని కూడా కూర్చోబెట్టాల్సి వస్తుంది.”

“కూర్చునే ఉన్నాను కదయ్యా. ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పించు. లక్ష్ముడు లేడన్నావు, ఆ ముక్క కాగితం మీద రాసివ్వు. స్టేషన్ వెతికించమని కోర్టులో వేసే సెర్చ్ వారెంటు పిటిషన్‌కి జతచేస్తాను.”

రాసివ్వలేదు. పక్క గదిలోకి వెళ్ళి పైవాళ్ళతో చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. పొద్దు వాలకముందే ఝాన్సీ చేతిలో కేసు నోటీసు పెట్టి పంపించేశాడు. ఆ స్టేషన్‌లో లేని లక్ష్ముడు మర్నాడు పొద్దున్న వాళ్ళ జీపులోనే కోర్టులో దిగాడు.

ఝాన్సీ ఎప్పటిలాగే, లక్ష్ముడి తరఫున కోర్టులో ఇచ్చే వకాల్తా కాగితం మీద నా పేరు పైన, తన పేరు కింద రాసి తెచ్చింది. దాన్ని చింపేసి నా చేత్తో ఇంకొకటి రాశాను. ఏమిటిది సార్ అంటే, నోరు మూసుకోమన్నాను.

మేజిస్ట్రేటు అందరినీ అడిగే ప్రశ్నే లక్ష్ముడినీ అడిగారు, పోలీసులు కొట్టారా అని.

“మొదట్రోజు కొట్టినారు బాబూ. తరవాత లాయరమ్మ ఏదో రాసేసిందని ఆళ్ళలో ఆళ్ళు తిట్టుకున్నారు. ఆ మీద మరి సెయ్యెయ్యనేదు.”

ఝాన్సీ తల దించుకుంది. నేను మాత్రం తలెత్తుకునే నిలబడ్డాను. మేజిస్ట్రేటు ఆ మాట రాసుకుని, వకాల్తా తీసి చూసి, కళ్ళజోడు సర్దుకున్నారు.

“అనంతపద్మనాభం గారూ, పేర్లు తారుమారైనట్టున్నాయి.”

“లేదండీ, సరిగ్గానే ఉన్నాయి” అన్నాను. “ఈ కేసులో నేను ఝాన్సీ గారి జూనియర్ని.”